ఏడాది పొడవునా పచ్చికకు, పూలమొక్కలకు నీళ్లు ఎలా సరిపెట్టుకోవాలి?

ప్రశ్న (విశాలాక్షినగర్ నుంచి)

మా ఇల్లు విశాఖపట్నం విశాలాక్షినగర్‌లో, సముద్రానికి దగ్గరలోనే ఉంది. ఇంటి ముందు సుమారు 400 చదరపు అడుగుల పచ్చిక, ప్రహరీ వెంట నూరువరహాలు, మందారాలు, నందివర్ధనం, పెరట్లో కరివేపాకు, రెండు కొబ్బరి చెట్లు ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు వాకిట్లోని పెద్ద వేపచెట్టు కూలిపోతే, ఆ ఖాళీలో మా నాన్నగారు తన చేతులతో ఈ పచ్చిక వేశారు. ఆయన ఇప్పుడు లేరు. అందువల్ల దానిని ఎండబెట్టుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

మూడేళ్లుగా ఫిబ్రవరి దాటేసరికి మా బోరు నీరు ఉప్పగా మారుతోంది. ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు గొట్టంతో తడుపుతున్నా గడ్డి కొసలు ఎండిపోతున్నాయి, నూరువరహాల ఆకుల అంచులు కాలినట్టు అవుతున్నాయి. వీధి చివర బిందెలు వరుసలో పెట్టి కుళాయి కోసం ఎదురుచూసే ఇళ్లు ఉండగా, గడ్డి కోసం ట్యాంకరు తెప్పించడం నాకు తప్పుగా తోస్తోంది. ఏ కాలంలో ఎంత నీరు ఇస్తే సరిపోతుందో, ఎక్కడ తగ్గించవచ్చో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మర్రిపాలెం నుంచి)

అండీ, ముందుగా మీరు ఇప్పుడు ఎంత నీరు పోస్తున్నారో కొలవండి. మీ గొట్టంతో 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఒక్క నిమిషంలో నిండితే, రెండు పూటలా కలిపి మీరు రోజుకు 600 లీటర్లు పోస్తున్నట్టు లెక్క. 400 చదరపు అడుగులంటే సుమారు 37 చదరపు మీటర్లు. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టే కాబట్టి, మీ పచ్చికకు రోజూ 16 మిల్లీమీటర్ల వాన కురిపిస్తున్నారన్నమాట. మంచి ఎండల్లో కూడా గడ్డికి రోజుకు ఐదారు మిల్లీమీటర్లు సరిపోతాయి. అంటే సుమారు 200 లీటర్లు. మిగిలిన నీరు ఎటు పోతోందన్నదే అసలు ప్రశ్న.

అది తెలుసుకోవడానికి, తడిపిన గంట తరువాత పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి నేలలోకి గుచ్చి చూడండి. తడిసినంత మేర సులభంగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. నాలుగైదు అంగుళాలైనా దిగకపోతే, మీరు ఎంత పోసినా వేళ్లకు అందడం లేదని అర్థం.

జవాబు (పెదవాల్తేరు నుంచి)

నేను ఉప్పు సంగతి చెబుతాను, ఎందుకంటే మా బోరుదీ అదే కథ. తీరం పొడవునా భూమిలోని మంచినీరు, బరువైన సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే, అడుగున ఉప్పునీటి సరిహద్దు సుమారు 40 మీటర్లు పైకి జరుగుతుందని భూగర్భజల శాస్త్రం చెప్పే లెక్క. కనుక వేసవిలో మనం మోటారు ఎంత ఎక్కువసేపు నడిపితే, ఉప్పును అంతగా మనమే పైకి పిలుచుకుంటున్నాం. ఇది మీ ఒక్కరి తోట విషయం కాదు, పక్కింటివారి బోరు విషయం కూడా.

ఉప్పునీటిని రోజూ కాస్త కాస్త చల్లడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మాత్రం పై పొరలోనే మిగిలి రోజురోజుకూ పేరుకుంటుంది. నాలుగు రోజులకు ఒకసారి, తెల్లవారుజామున, లోతుగా తడిస్తే ఆ ఉప్పు వేళ్ల కిందకు దిగిపోతుంది, వేళ్లు కూడా నీటి కోసం లోపలికి సాగుతాయి. పూలమొక్కలకు ఆకుల మీద పడకుండా పాదులోనే పోయండి. పాదులో రెండు మూడు అంగుళాల మందాన ఎండాకులో, కొబ్బరి పీచో పరచండి, కానీ కాండానికి ఆనించకండి. నూరువరహాలు ఉప్పును ఓర్చుకోలేవు కాబట్టి వాటికి ఏసీ నుంచి కారే నీటిని పట్టి పోయండి, అందులో లవణాలు దాదాపు ఉండవు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీరు మాత్రం వద్దు. లోపలికి వెళ్లిన నీటికన్నా అది ఇంకా ఉప్పగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం కొలిచి చూశాను. బకెట్ యాభై సెకన్లలో నిండింది. స్క్రూడ్రైవరు రెండు అంగుళాల దగ్గరే ఆగిపోయింది. ఆరేడు నిమిషాలకే గేటు కింద నుంచి నీరు వీధి కాలువలోకి జారడం గమనించాను. ఇన్నేళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నాను గానీ, పచ్చిక బాగా తడిసిందనడానికి అదే గుర్తని అనుకున్నాను.

జవాబు (మధురవాడ నుంచి)

కొండ వాలులో కట్టిన మా ఇంట్లోనూ ఇదే జరిగేది. మన ఎర్రనేల తొక్కిడికి గట్టిపడితే నీరు లోపలికి దిగదు, వాలు వెంట పారిపోతుంది. ఐదు నిమిషాలు తడిపి, అరగంట ఆగి, మళ్లీ ఐదు నిమిషాలు తడపండి. అలా మూడు విడతలు చేస్తే నేల తాగగలుగుతుంది. గేటు వైపు మూడంగుళాల మట్టికట్ట వేయండి. వానలు మొదలయ్యే ముందు గునపంతోనో, తోట ముల్లుతోనో పచ్చికంతా రంధ్రాలు చేసి, జల్లించిన ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి పైన చల్లండి. గడ్డిని నున్నగా గొరగకుండా రెండంగుళాల ఎత్తు ఉంచితే దాని నీడలో దాని మట్టే చల్లగా ఉంటుంది.

ఇక కాలాల సంగతి. మన ఊరికి నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాలూ కలిసివస్తాయి, అక్టోబరులో కూడా జోరుగా కురుస్తుంది. నిటారు అంచులున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి కొలవండి. రెండు సెంటీమీటర్ల వాన పడిందంటే నాలుగైదు రోజులు గొట్టం జోలికి పోనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో వారానికి ఒకసారి చాలు. అసలు కష్టం మార్చి నుంచి రోహిణి కార్తె దాటేవరకు. అప్పుడు గడ్డి కాస్త రంగు తగ్గినా కంగారుపడకండి. గరిక జాతి అయితే పైన ఎండినా వేరు బతికే ఉంటుంది, మొదటి వానకు చిగురిస్తుంది. నాన్నగారు వేసిన పచ్చిక అంతా ఉంచుకోవాలనే మీ మనసు నాకు అర్థమైంది. అయినా ప్రహరీ పక్కన ఎండ ఎక్కువగా తగిలే ఒక్క పట్టీలో గడ్డి తీసి బిళ్ళగన్నేరు, కాగితం పూలు పెడితే మిగిలిన పచ్చికకు నీరు దక్కుతుంది. కూలిన వేప చోట మళ్లీ ఒక వేప నాటితే ఇంకా మంచిది.

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 900 లీటర్లకు పైగా నీరు పడుతుంది. మొదటి వాన నీటిని బయటకు వదిలేసి, తరువాతి నీటిని కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతలోకి మళ్లించండి. గుంతను సెప్టిక్ ట్యాంకుకు, ఇంటి పునాదికి బాగా దూరంగా తవ్వించండి. మే నెలలోనే ఆ పని ముగించాలి, ఎందుకంటే జూన్‌లో తడిమట్టి తవ్వితే గోడలు విరిగిపడతాయి, కూలీలు కూడా దొరకరు.