పనస బాడీతో సొంతంగా బేస్ గిటార్: నెక్ కర్ర, పాకెట్ లోతు, వైరింగ్ సందేహాలు

మంద్రం:

అందరికీ నమస్కారం. నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ ఒకటి పూర్తిగా సొంతంగా చేద్దామని. స్కేలు (తీగ మోగే పొడవు) 34 అంగుళాలు, 20 ఫ్రెట్లు (మెట్లు), నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) వెడల్పు 38 మి.మీ., స్క్రూలతో బిగించే నెక్, రెండు జాజ్ రకం సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉండే) పికప్‌లు, అంటే తీగ కంపనాన్ని కరెంటుగా మార్చేవి. బాడీకి పనస పలక చూసిపెట్టుకున్నాను. 52 మి.మీ. మందం, 36 సెం.మీ. వెడల్పు, అంతా చేవ. కోసి ఏడాదైందని అడితిలో చెప్పారు. చెక్కపని వచ్చు, రౌటర్ ఉంది, ఫ్రెట్లు మార్చడం, సెటప్ చెయ్యడం అలవాటే. నెక్ మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

నెక్‌కి మేపుల్ తెప్పించాలంటే ఖరీదెక్కువ. టేకు పనికొస్తుందా? వీణ దండి కూడా పనసే కదా, నెక్ కూడా పనసతోనే చెయ్యొచ్చా? పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గుంట) ఎంత లోతు తొలవాలన్నది ఎక్కడ చూసినా ఒక్కో లెక్క ఉంది, ఏది నమ్మాలి? ఈ పికప్‌ల హమ్ (కరెంటు రొద) తగ్గాలంటే ముందే ఏం చూసుకోవాలి?

చిత్రికపని:

బాడీకి పనస నిశ్చింతగా వాడండి. బొబ్బిలి వీణలు చేసేది ఆ కర్రతోనే. ఉలికి లొంగుతుంది, చేవకు చెద పట్టదు. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ తేనెరంగుకు, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. దాని మీద రంగు వెయ్యడానికి నాకైతే మనసొప్పదు.

చిక్కల్లా తేమతో. వీణ కుండను పల్చగా తొలుస్తారు కాబట్టి అందులో తడి నిలవదు. మీది 52 మి.మీ. పలక. గాలికి ఆరే కర్రకు అంగుళం మందానికి ఏడాది అన్నది పాతకాలపు లెక్క, ఆ లెక్కన మీ పలకకు ఇంకో ఏడాది కావాలి. సూదుల తేమ మీటరు పైపొరనే చూపిస్తుంది, నడుమ పచ్చి దానికి అందదు. అందుకని ముందు బాడీ ఆకారాన్ని చుట్టూ 10 మి.మీ. వదిలి కోసెయ్యండి. నార తెగిన చివర్లకు మైనం పూసి, కింద పుల్లలు వేసి నీడలో పెట్టి, వారానికోసారి తూకం వేసి పలక మీదే పెన్సిల్‌తో రాయండి. వరుసగా నాలుగు వారాలు తూకం కదలకపోతే అప్పుడు చిత్రిక పట్టి 45 మి.మీ.కి దింపండి. తొందరపడి పచ్చిమీద పాకెట్ తొలిస్తే కర్ర ఎండి లాగేకొద్దీ పాకెట్ అడుగు మెలి తిరుగుతుంది. నెక్ ఒక మూల మీదే ఆని ఊగుతుంది.

బరువు సంగతి: ఈ సైజు బాడీలో చెక్కాక మిగిలేది సుమారు నాలుగున్నర లీటర్ల కర్ర. పనస లీటరుకు 600 గ్రాముల దరిదాపు, అంటే బాడీ ఒక్కటే 2.7 కిలోలు. నెక్, శ్రుతి కీలు, బ్రిడ్జి కలిస్తే 4.5 కిలోలు అవుతుంది. మొయ్యగలిగినదే. తేలిక కావాలంటే గుమ్మడి టేకు చూడండి, కానీ బాడీ తేలికైతే నెక్ కిందికి వాలిపోయే బాధ మొదలవుతుంది.

ఇక నెక్. పనస వద్దు. వీణ దండి వెడల్పుగా, లోతుగా, లోపల తొలిచిన పెట్టె ఆకారంలో ఉంటుంది. దాని బిరుసు ఆ ఆకారం నుంచి వస్తుంది. బేస్ నెక్ మొదటి ఫ్రెట్ దగ్గర 21 మి.మీ. మందం మాత్రమే. 45 నుంచి 105 గేజి (తీగ లావు) తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు లాగే లాగుడు సుమారు 80 కిలోలు. దాన్ని తట్టుకోవాల్సింది కర్ర బిరుసే.

టేకు భేషుగ్గా పనికొస్తుంది. దాని బిరుసు 12 గిగాపాస్కల్‌ల చుట్టుపక్కల, హార్డ్ మేపుల్‌దీ దాదాపు అంతే. ఒకటే చెక్క కాకుండా ఐదు పట్టీలు అతికించండి: టేకు 14, ఇరుగుడు 4, టేకు 26, ఇరుగుడు 4, టేకు 14 మి.మీ. మొత్తం 62. చివరి కోతలో వలయాల గీతలు ఫ్రెట్‌బోర్డుకు నిటారుగా నిలబడాలి. అటూ ఇటూ ఉన్న టేకు పట్టీల్లో ఒకదాన్ని తలకిందులు చేసి అతికిస్తే ఒకదాని మెలికను రెండోది ఆపుతుంది. టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతికించే ముఖాలను ఎసిటోన్‌తో గుడ్డ మీదికి మరక రానంతవరకూ తుడిచి, పావుగంట దాటకుండా ఎపాక్సీ పూసి బిగించండి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి ఊరుతుంది. ఫర్నిచర్‌కి వాడే తెల్ల జిగురు ఇక్కడ వాడకండి. ఎడతెగని లాగుడు, ఎండాకాలం వేడి కలిస్తే అది మెల్లగా జారుతుంది.

మధ్య 26 మి.మీ. టేకులోనే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోహపు కడ్డీ) గాడి, దాని రెండు పక్కలా 5 × 5 మి.మీ. కార్బన్ కడ్డీలు పడతాయి. జి తీగ (అన్నిటికన్నా సన్నది) మీద 5 నుంచి 7వ ఫ్రెట్ మధ్య స్వరం టక్కున చచ్చిపోవడం స్క్రూ నెక్ బేస్‌లకు పాత జబ్బు. నెక్ తనంతట తాను ఊగే పౌనఃపున్యం అక్కడి స్వరంతో కలవడం వల్ల ఆ శక్తిని నెక్ మింగేస్తుంది. కడ్డీలు వేస్తే నెక్ బిరుసెక్కి ఆ చోటు జరుగుతుంది, చాలాసార్లు బలహీనపడుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం హామీ ఇవ్వలేం.

ట్రస్ రాడ్ గాడి లోతు చేతిలో ఉన్న రాడ్‌ను కొలిచే పెట్టండి. 6 మి.మీ. ఫ్రెట్‌బోర్డు పోగా మొదటి ఫ్రెట్ దగ్గర మీకు మిగిలే కర్ర 15 మి.మీ. గాడి 9 అయితే కింద 6 మిగులుతుంది. 12 లోతు తొలిస్తే 3 మాత్రమే. వెనక గుండ్రం చేసేటప్పుడు గరుకు కాగితం రాస్తుండగానే గాడి బయటపడుతుంది.

గాడిరంపం:

కర్ర గురించి పై సమాధానంలో అన్నీ వచ్చాయి. పాకెట్ లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉండటానికి కారణం అది బ్రిడ్జిని బట్టి మారడమే. ముందు బ్రిడ్జి, కీలు, పికప్‌లు, ట్రస్ రాడ్ కొని ఎదురుగా పెట్టుకోండి. తర్వాతే కర్ర ముట్టుకోండి.

లెక్క ఇలా వెయ్యండి. నెక్ మడమ (పాకెట్‌లో కూర్చునే చివర) ఫ్రెట్‌బోర్డుతో కలిపి 25 మి.మీ., పాకెట్ 16 అనుకుంటే ఫ్రెట్‌బోర్డు పైముఖం బాడీకి 9 మి.మీ. ఎత్తున ఉంటుంది. ఫ్రెట్ ఎత్తు 1.1 కలపండి. 12వ ఫ్రెట్ మీద తీగ సుమారు 2 మి.మీ. పైన ఉండాలి, నట్ దగ్గర అర మి.మీ. కాబట్టి బ్రిడ్జి దగ్గర ఫ్రెట్ల మట్టానికి 3.5 నుంచి 4 పైన. అన్నీ కూడితే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) మీద తీగ బాడీకి దాదాపు 14 మి.మీ. ఎత్తులో నిలవాలి. మీ బ్రిడ్జి శాడిల్ పూర్తిగా దించితే ఎంత, ఎత్తితే ఎంత అని వెర్నియర్‌తో కొలవండి. 14 ఆ రెండిటి నడుమ ఉంటే 16 లోతు సరిపోయింది. శాడిల్ కనిష్ఠమే 15 అయితే పాకెట్ 14.5 చెయ్యాలి. ఈ లెక్క వెయ్యకుండా తొలిస్తే నెక్ కింద అట్టముక్కలు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఫ్రెట్లకు ఒక్కటే మాట: ప్రతి ఫ్రెట్‌ను నట్ నుంచే కొలవండి, ముందరి ఫ్రెట్ నుంచి కాదు. ఒక్కో చోట 0.2 తేడా చొప్పున పోగైతే 20వ ఫ్రెట్‌కు వచ్చేసరికి 4 మి.మీ. అవుతుంది. 863.6 మి.మీ. స్కేలుకు మొదటి ఫ్రెట్ 48.47, ఐదవది 216.6, ఏడవది 287.2, పన్నెండవది 431.8, ఇరవయ్యవది 591.6. మిగతావి లెక్కకట్టాక ఈ ఐదింటితో సరిచూసుకోండి.

వరుసక్రమం ముఖ్యం. ఫ్రెట్‌బోర్డు ఇంకా బల్లపరుపుగా, అంచులు మూలమట్టానికి ఉన్నప్పుడే గాళ్లు కొయ్యండి. తర్వాత వెడల్పు తగ్గించుకుంటూ రండి: నట్ దగ్గర 38, 20వ ఫ్రెట్ దగ్గర 58.5. ఆపైన రేడియస్ (పైముఖం గుండ్రపు వంపు) దింపండి. రేడియస్ దించాక అంచుల దగ్గర గాడి లోతు తగ్గిపోతుంది, అక్కడ మళ్లీ రంపం పెట్టాలి. అది మరిచిపోతే ఫ్రెట్ చివరలు కూర్చోవు. మామూలు ఇనప రంపం బ్లేడు వాడొద్దు, దాని పళ్లు ఇరువైపులా వంగి ఉండి గాడి వెడల్పవుతుంది. ఫ్రెట్ వైరు కాలు మందం కొలిచి గాడిని దానికి తగ్గట్టు, సాధారణంగా 0.6 మి.మీ. దగ్గర ఉంచండి. గాడి బిగువైతే ఇరవై ఫ్రెట్లూ ఇరవై చీలల్లా పనిచేసి నెక్‌ను వెనక్కి వంచుతాయి. వదులైతే ఫ్రెట్ పైకి లేచి తీగ జరజరమంటుంది.

మంద్రం:

చాలా సంతోషం. బ్రిడ్జి శాడిల్ కనిష్ఠం 11, గరిష్ఠం 16 వచ్చింది, కాబట్టి పాకెట్ 16కే కట్టుబడతాను. బ్రిడ్జిని ఎక్కడ బిగించాలో గీత ముందే గీసుకోనా, నెక్ బిగించాకనా? స్ట్రాప్ గుండీ ఎక్కడ?

గాడిరంపం:

నెక్ పడ్డాకే. బాడీ ఇంకా చతురస్రపు అంచులతో ఉండగానే నడిగీత గీసి పాకెట్ తొలవండి. రౌటర్ ఒక్కో విడతకు 4, 5 మి.మీ. మించి దించకండి. పనస నార కొన్నిచోట్ల అడ్డం తిరుగుతుంది, ఎక్కువ దింపితే పెళ్లలు లేస్తాయి. నెక్‌ను స్క్రూలు లేకుండా పాకెట్‌లో నొక్కి, బాడీని చేత్తో ఎత్తితే నెక్ జారిపోకూడదు. అంత బిగువు చాలు.

ఇప్పుడు నట్ మీద ఇ (అన్నిటికన్నా లావుది), జి తీగల చోట్ల నుంచి రెండు నూలు దారాలు బ్రిడ్జి వరకూ లాగి కట్టండి. బ్రిడ్జి దగ్గర వాటి మధ్య దూరం 57 మి.మీ. 20వ ఫ్రెట్ దగ్గర దారం నుంచి అంచుకు రెండు వైపులా 5 మి.మీ. రావాలి. ఒకవైపు 3, రెండోవైపు 7 వస్తే బ్రిడ్జిని జరపండి, నెక్‌ను కాదు. పొడవు కోసం జి శాడిల్‌ను దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, నట్ నుంచి 863.6 దగ్గర పెట్టి బ్రిడ్జి రంధ్రాలు గుర్తించండి. లావు తీగలకు శాడిల్ వెనక్కి జరగాలి, ఇ తీగకు 4, 5 మి.మీ. దాకా. ఆ చోటు వెనక ఉండాలి.

స్ట్రాప్ గుండీ ఉండే పైకొమ్ము కొస 12వ ఫ్రెట్ దాకా చేరాలి, అంటే బ్రిడ్జి నుంచి 430 మి.మీ. అంతకన్నా పొట్టిగా ఉంటే నెక్ వాలుతుంది.

టంకంపుల్ల:

వైరింగ్ మీద. పికప్‌లు ఒకే జత తీసుకోండి. జత అంటే ఒకదాని చుట్టు, అయస్కాంతం రెండోదానికి తిరగేసి ఉంటాయి. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచినప్పుడు హమ్ రద్దవుతుంది, ఒకటి తగ్గిస్తే తిరిగి వస్తుంది. అది లోపం కాదు, సింగిల్ కాయిల్ స్వభావం. విడివిడిగా కొంటే దిక్సూచి దగ్గర పెట్టి చూడండి. రెండూ ముల్లును ఒకే వైపుకు లాగితే హమ్ ఎప్పటికీ రద్దవ్వదు. పికప్‌ల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి 1960ల జాజ్ బేస్ పద్ధతిలో 91 మి.మీ., 1970లలో 102. రెండోదాంట్లో బ్రిడ్జి పికప్ వెనక్కి జరిగి స్వరం సన్నగా, పదునుగా వస్తుంది. టేకు నెక్‌తో నేనైతే 91 ఎంచుకుంటాను.

వాల్యూములు రెండూ, టోనూ 250 కె పాట్‌లు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు), కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్. పికప్ హాట్ వైరును (సిగ్నల్ వచ్చేది) వాల్యూము పాట్ నడిమి కాలికి, అవుట్‌పుట్‌ను పక్క కాలికి కలపాలి. గిటార్ అలవాటులో తిరగేసి కలిపితే ఒక వాల్యూము సున్నాకు తిప్పగానే మొత్తం శబ్దం పోతుంది. రెండూ కలిపి వాయిస్తే మంద్రం పోయి డొల్లగా వినిపిస్తోందంటే ఒక పికప్ రెండు వైర్లూ తారుమారు చెయ్యండి.

గుంటలన్నిటికీ రాగి టేపు వేసి అతుకుల మీద టంకం చుక్క పెట్టండి. టేపు కింద జిగురు అన్నిసార్లూ కరెంటు పారనివ్వదు. మల్టీమీటరు ఒక కాలు జాక్ మీద, రెండోది ప్రతి గుంటలో పెట్టి చూడండి. బ్రిడ్జి కింద నుంచి కంట్రోల్ గుంటకు సన్నటి రంధ్రం తొలిచి గ్రౌండ్ తీగ లాగండి, ఇది పూతకు ముందే. వాయించే తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గితే గ్రౌండ్ సరిగానే ఉంది, షీల్డింగ్ (రాగి టేపు కవచం) చాలలేదు. ముట్టుకుంటే పెరిగితే జాక్ వైర్లు తిరగబడ్డాయి. యాంప్ ప్లగ్గు మూడోకాలికి ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూడండి.

చిత్రికపని:

ఒక్క విషయం కలుపుతాను. నెక్ స్క్రూలకు బాడీలో రంధ్రాలు 5 మి.మీ., స్క్రూ వదులుగా దూరిపోవాలి. నెక్‌లో మాత్రం 3 మి.మీ. స్క్రూ బాడీని కూడా పట్టుకుంటే నెక్‌ను దగ్గరకు లాగలేదు, నడుమ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. స్క్రూకు సబ్బు రాసి తిప్పండి, లేకపోతే టేకులో తల తెగుతుంది.

పూత వెయ్యకముందే మొత్తం బిగించి, శ్రుతికి లాగి వారం ఉంచండి. ఇ తీగను మొదటి ఫ్రెట్‌లోనూ చివరిదానిలోనూ నొక్కిపట్టి 7వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి: 0.3 మి.మీ., విజిటింగ్ కార్డు తగిలీ తగలనట్టు దూరాలి. లక్క పాలిష్ గానీ లాకరు గానీ వానాకాలంలో వెయ్యకండి, తడి చిక్కుకుని తెల్లటి పొర కమ్ముతుంది. పూత తర్వాత నెక్ పాకెట్‌లో దిగకపోతే బలంగా నొక్కొద్దు, మూలల్లో పూత పగులుతుంది. గోడల మీద చేరిన పూతను ఉలితో గీకి దింపండి.