కుక్క ఎందుకు అరుస్తోందో ఫోన్‌కి తెలిసేలా చేయొచ్చా?

ప్రశ్న:
పగలు మేమెవరం ఇంట్లో ఉండం, కుక్క ఒక్కటే ఉంటుంది. ముందు గుమ్మానికి కెమెరా ఉంది, పెరటివైపు ఏమీ లేదు. కొత్త మనిషిని చూసి అరుస్తోందా, ఊరికే అరుస్తోందా అన్నది విని చెప్పే యాప్ గానీ పరికరం గానీ ఉందా? అరిచినప్పుడల్లా మెసేజ్ వస్తే నాలుగు రోజుల్లో చూడటమే మానేస్తాను.

జవాబు:
కుక్క అరిచిందని చెప్పేవి బాగానే పనిచేస్తాయండి. ఎందుకు అరిచిందో చెప్తామనే వాటి మీద మాత్రం ఇంటి కాపలా వదిలేయకండి. బుడాపెస్ట్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ముడి (Mudi) అనే జాతి కుక్కలు 14 తీసుకుని, 6,000కు పైగా అరుపులతో కంప్యూటర్‌ను పరీక్షించారు. కొత్త మనిషి, ఆట, ఒంటరితనం వంటి ఆరు సందర్భాల్లో ఏదన్నది అది సరిగ్గా పట్టింది 43 శాతమే. ఊరికే ఊహించినా ఆరింట ఒకటి తగులుతుంది కాబట్టి అది తక్కువేం కాదు, కానీ కాపలాకి చాలదు. మనుషుల మాటల మీద తర్ఫీదైన వేవ్2వెక్2 అనే కంప్యూటర్ మోడల్‌ని మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 74 కుక్కల అరుపులకు మలిచారు. 2024లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లోనూ, అరుపు సందర్భం చెప్పడంతో సహా ఏ పరీక్షలోనూ అది సుమారు 70 శాతం దాటలేదు.

అరుపుల్లో తేడా మాత్రం నిజంగానే ఉంది. ఎవరో వచ్చారని అరిస్తే గొంతు బొంగురుగా, కిందిస్థాయిలో ఉంటుంది, అరుపుకీ అరుపుకీ సందు ఉండదు. ఒంటరిగా ఉండి అరిస్తే గొంతు సన్నబడుతుంది, మధ్యమధ్య ఆగుతుంది. మీ కుక్క విషయంలో ఈ తేడా మీరే విని పట్టడం మేలు. కాబట్టి ఉత్త మెసేజ్ కాకుండా, పది సెకన్ల ఆడియో కూడా ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
పాత ఐఫోన్ ఒకటి ఖాళీగా ఉంది. అందులో కుక్క అరుపు గుర్తించే సెట్టింగ్ ఉందన్నారు. అది చాలదా?

జవాబు:
ఐఓఎస్ 14 నుంచీ సౌండ్ రికగ్నిషన్ ఉంది. అది వినికిడి తక్కువైన వాళ్ల కోసం పెట్టింది, అలర్ట్ ఆ ఫోన్ మీదే వస్తుంది. మీరు ఆఫీసులో ఉంటే ఏం లాభం? పైగా ప్రమాద సమయాల్లో దాని మీద ఆధారపడొద్దని ఆపిల్ వాళ్లే చెబుతున్నారు.

పెరట్లో మైకున్న కెమెరా పెట్టి, ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్‌లో ఫ్రిగేట్ నడపండి. కెమెరా దృశ్యాల్లో మనుషుల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ అది, ఉచితమే. అందులో ఆడియో డిటెక్షన్ ఆన్ చేస్తే కుక్క అరుపు, కేక, మాట లాంటివి గుర్తిస్తుంది. దాన్ని హోమ్ అసిస్టెంట్‌కి (ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) కలిపి ఇలా నియమం పెట్టుకోండి: అరుపు వినిపించిన అర నిమిషంలోపు పెరటి కెమెరాలో మనిషి కూడా కనిపిస్తే ఫోన్ గట్టిగా మోగాలి. అరుపు ఒక్కటే ఆగకుండా సాగితే చప్పుడు లేని మెసేజ్, దానితో ఆడియో. ఒకటి రెండు అరుపులకైతే ఏమీ రానక్కర్లేదు. దీంతో మీరు భయపడ్డ మెసేజ్‌ల వరద చాలా వరకు తగ్గుతుంది.

మరొక సభ్యురాలు:
దీనికి ఒక్క మాట తప్పకుండా కలపాలి. అరుపు లేదు కదా అని మనిషి కనిపించినా అలర్ట్ ఆపేలా మాత్రం పెట్టకండి. కుక్క గాఢంగా నిద్రపోవచ్చు, వయసు మీదపడి చెవి మందగించవచ్చు, తెలిసిన మనిషైతే తోక ఊపుతూ ఎదురెళ్లవచ్చు, ఎవరైనా మత్తు కలిపిన తిండి వేసి ఉండవచ్చు. తలుపు సెన్సర్ మోగితే, కుక్క అరిచినా అరవకపోయినా, మీకు తెలియాల్సిందే.

ఇంకోటి. ఆ రికార్డింగుల్లో మీరు బయల్దేరిన కాసేపటికే సన్నటి ఏడుపులాంటి అరుపు రోజూ వినిపిస్తుంటే అది దొంగల సంగతి కాదు, ఒంటరితనంతో బెంగపడుతోంది పాపం. పశువైద్యుడికి ఆ ఆడియో వినిపించండి.

ప్రశ్న అడిగినవారు:
పక్కింట్లోనూ కుక్క ఉంది. దాని అరుపుకీ అలర్ట్ వస్తుందేమో?

జవాబు:
వస్తుంది. ఫ్రిగేట్‌లో కనీస శబ్దం ఎంతుంటే వినాలో పెట్టే సెట్టింగ్ ఉంది, మిన్ వాల్యూమ్ అంటారు. మీ కుక్క మామూలుగా నిలబడి అరిచే చోటికి దగ్గరగా, ప్రహరీకి దూరంగా మైకు ఉంచి, పక్కింటి కుక్క అరిచేటప్పుడు ఆ అంకెను కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. దాని అరుపు నమోదు కావడం ఆగిన చోట నిలపండి, తర్వాత మీ కుక్క అరుపు ఇంకా అందుతోందో లేదో చూసుకోండి. ఆ మైకుకి మనుషుల మాటలూ వినిపిస్తాయి కనక, ఇంట్లో పనిచేసే వాళ్లకి ముందే చెప్పి పెట్టండి.