కాలు తీయించుకోనంటే మతి లేనట్టేనా?

లంకవైద్యుడు:
అమలాపురం నుంచి ఏలూరు దాకా ఏ సర్జికల్ వార్డులో చూసినా కనబడే కేసే. డెబ్బై రెండేళ్ళ మామ్మగారు, సుగరు, చదువు లేదు. కుడి పాదం సగం దాకా నల్లబడింది. మోకాలి కింద తీసేయాలన్నారు సర్జన్. "నా కాలుతోనే పోతాను" అంటున్నారావిడ. ఎంఎంఎస్‌ఈ (జ్ఞాపకం, ధ్యాస, లెక్క చూసే చిన్న పరీక్ష) చేస్తే 30కి 17 వచ్చింది. పెద్దకొడుకు సంతకం పెడతానంటున్నాడు. ఆ సంతకం చెల్లుతుందా, చెల్లదా?

కత్తెర_కాకినాడ:
చెల్లుతుంది. 24 కంటే తక్కువొస్తే బుద్ధి తగ్గినట్టేనని మనందరం చదువుకున్నదే. ఇది 17. కొడుకు సంతకం, ఇద్దరు సాక్షులు, థియేటరు. ఇందులో చర్చేముందండీ?

మనసు_రాజమండ్రి:
చాలా ఉందండి. పోయిన మార్కులు ఎక్కడెక్కడ పోయాయో చూడండి. వందలోంచి ఏడేడు తీసేసుకుంటూ రమ్మంటే 5, చదివి చేయమంటే 1, వాక్యం రాయమంటే 1, బొమ్మ చూసి గీయమంటే 1. బడి మొహం చూడని మనిషికి ఈ 8 పరీక్షకి ముందే పోయాయి. ఆ తర్వాత తారీఖు. అడిగితే తెల్లమొహం వేస్తారు. "తిథేంటి మామ్మా" అనండి, ఏకాదశి అనీ, రేపు ద్వాదశి పారణ ఎన్నింటికో కూడా చెప్తారు.

ఆ పరీక్ష 1975లో పుట్టింది మతిమరుపు పట్టుకోడానికి. కాలు సంగతి తేల్చుకోగలరా అన్నదానికి అడగాల్సినవి వేరే నాలుగున్నాయి: చెప్పింది అర్థమైందా, అది తనకే జరుగుతోందని ఒప్పుకుంటున్నారా, తీయించుకుంటే ఏంటి, లేకపోతే ఏంటి అని బేరీజు వేయగలుగుతున్నారా, చెప్పిన మాట మీద నిలబడుతున్నారా. రెండోది చాలామంది వదిలేస్తారు. "పాదం కుళ్ళితే ప్రాణం పోతుందిట" అని గడగడా అప్పజెప్పి, "నాది కుళ్ళలేదు, కాపడం పెడితే కమిలింది" అంటే అక్కడ తేడా ఉన్నట్టు. "పోతే పోతాను" అంటే మాత్రం అది మొండితనమే గానీ మతిలేనితనం కాదు.

కత్తెర_కాకినాడ:
అయితే 17ని పాసు చేసేద్దాం. రేపు 12 వచ్చినా తిథి తెలుసు కదా అని వదిలేద్దాం.

మనసు_రాజమండ్రి:
పాసూ ఫెయిలూ చెప్పేది ఆ మార్కు కాదంటున్నాను. ఇంగ్లండులో బ్రాడ్‌మూర్‌లో (నేరం చేసిన మానసిక రోగుల్ని ఉంచే ఆసుపత్రి) ఉన్న స్కిజోఫ్రీనియా రోగి, తానో గొప్ప డాక్టర్నని భ్రమ ఉన్నవాడు, కుళ్ళిన కాలు తీయొద్దన్నాడు. 1994లో రిపోర్టయిన ఆ తీర్పులో కోర్టు అతని మాటే నిలబెట్టింది. భ్రమ ఉన్నా, కాలు గురించి చెప్పింది అతనికి అర్థమైంది కాబట్టి.

కత్తెర_కాకినాడ:
ఇంగ్లండులో కొడుకులు ఆసుపత్రి అద్దాలు పగలగొట్టరు లెండి.

పాపికొండలు:
ఆయ్, అదీ పాయింటే.

సిస్టర్_పాలకొల్లు:
మార్కుల గొడవ ఆపి పేషెంటు మంచం దగ్గరికి రండి సార్. పాదం చీము పట్టి జ్వరమున్న మనిషి పొద్దున ఒకలా ఉంటారు, చీకటి పడితే ఒకలా ఉంటారు. సుగరు 54 కిందకి పోయినా, సోడియం 120ల్లోకి దిగినా, మూత్రం బిగిసినా, నొప్పికిచ్చే ట్రమడాల్ పడినా మాట తీరు మారిపోతుంది. ముందు గ్లూకోమీటరు, సోడియం, ఆక్సిజన్, టెంపరేచరు. పొత్తికడుపు మీద చెయ్యేసి చూడాలి. వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి: శనివారం, శుక్రవారం, గురువారం. మధ్యలో దారి తప్పితే డెలీరియం (ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి తికమక) కావచ్చు. అది తగ్గాక మళ్ళీ అడగాలి, ఆ పూటే రాసి పడేయకూడదు.

చెవి మిషను, కళ్ళజోడు ఇంటి దగ్గర వదిలేసి తెస్తారు, తెప్పించండి. డ్రెస్సింగు నొప్పి మీద అడక్కూడదు, ఇంజెక్షను మత్తులోనూ అడక్కూడదు. ఇంటివాళ్ళని బయటికి పంపండి. కొడుకు మంచం కోడు పట్టుకుని నిలబడితే ఆవిడ "మీ ఇష్టం బాబూ" అనే అంటారు. "అర్థమైందా" అంటే వచ్చేది "ఆఁ" ఒక్కటే. "సాయంత్రం మీ చెల్లెలొస్తే కాలు గురించి ఏం చెప్తారు మామ్మా" అని అడిగితే ఎంత అర్థమైందో బయటపడుతుంది.

లాయరు_నర్సాపురం:
ఆవిడకి తెలివి ఉంటే కొడుకు సంతకం చిత్తుకాగితం. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది అదే: పేషెంటు మత్తులో ఉండగా తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి కాదు కాబట్టి మెలకువ వచ్చేదాకా ఆగాల్సింది అన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సెక్షన్ 4 మానసిక చికిత్సకి రాసిందే అయినా కొలబద్దగా పనికొస్తుంది. నిర్ణయం ఎదుటివాళ్ళకి తప్పనిపించినంత మాత్రాన సామర్థ్యం లేనట్టు కాదని అందులో ఉంది. ఎమర్జెన్సీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 30 (పాత ఐపీసీ 92) ఉంది, కానీ అది నోరు విప్పలేని స్థితిలో ఉన్నవాళ్ళ కోసం. తెలివిగా వద్దన్నవాళ్ళ మీద వాడేది కాదు.

కత్తెర_కాకినాడ:
సెక్షన్లు చెప్పడం తేలికే. పొడి గాంగ్రీన్ (రక్తం అందక కండ చచ్చిపోవడం) అయితే వారాలు ఆగొచ్చు, నేనూ ఒప్పుకుంటాను. ఇన్ఫెక్షను చేరిన తడిదైతే గంటల లెక్క, మీరు సోడియం సరిచేసేలోపు విషం ఒళ్ళంతా ఎక్కుతుంది. ఆవిడ వద్దన్నారని ఊరుకుని, మూడో రోజు పోతే, ట్రాక్టరు నిండా జనాన్నేసుకుని వచ్చేది ఆ కొడుకే. "మా అమ్మకేం తెలుసు, డాక్టరువి నువ్వు కదా" అంటాడు. అప్పుడు మీ నాలుగు ప్రశ్నలూ ఎవరికి చూపించను?

మనసు_రాజమండ్రి:
ఇన్నాళ్ళకి బయటపడింది. మీ భయం మామ్మగారి మతి గురించి కాదు, కొడుకు గురించి. మా సైకియాట్రిస్టుల దగ్గర మీకు కావలసింది పరీక్ష కాదు, స్టాంపు.

కత్తెర_కాకినాడ:
స్టాంపే కావాలి, తప్పేముంది? ఇంకోటి. ఎందుకు వద్దంటున్నారో ఎవరైనా అడిగారా? ఇలాంటి ముసలాళ్ళు చెప్పేది "కోడలి చేత ఎత్తించుకునే బతుకెందుకు" అనే. అది ఆవిడ నిర్ణయమా, ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి తీసుకున్నదా? మీ నాలుగింటిలో ఇదెక్కడుంది?

మనసు_రాజమండ్రి:
దీన్ని కాదనను. కానీ భారమవుతాననుకోవడం మతి లేకపోవడం కాదు, అది లెక్కేసుకుని అన్న మాటే. ఆ లెక్కకి కావలసినవన్నీ ఆవిడకి చెప్పారా అన్నది చూడాలి. మోకాలు మిగిలితే జైపూర్ కాలు పెట్టుకుని నడవొచ్చని ఎవరైనా చూపించారా? పెరటి దొడ్డికి వెళ్ళక్కర్లేకుండా మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేసుకోవచ్చని చెప్పారా? అన్నీ తెలిశాక కూడా వద్దంటే ఆ మాట ఆవిడదే. ఇంట్లో ఎవరైనా నూరిపోశారనిపిస్తే మర్నాడు ఒంటరిగా మళ్ళీ అడగండి. దానికి కొడుకు సంతకం మందు కాదు.

కత్తెర_కాకినాడ:
ఒంటరిగా అడిగినా తిరిగి ఆ ఇంటికే వెళ్ళాలి కదండీ ఆవిడ. నేనొప్పుకోను.

లంకవైద్యుడు:
ఈ కేసులో సోడియం 123, జ్వరం లేదు, గాంగ్రీన్ పొడిదే. ఆగే వ్యవధి ఉంది. కేస్‌షీటులో ఏం రాయాలో చెప్పండి.

సిస్టర్_పాలకొల్లు:
తేదీ, టైము, గదిలో ఎవరున్నారు, ఏమేం చెప్పారు, ఆవిడ అన్న మాట అన్నట్టుగా తెలుగులోనే. "పేషెంట్ రిఫ్యూజ్డ్" అని రెండు ముక్కలు రాస్తే రేపు దేనికీ పనికిరాదు. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించి అయిందనిపించొద్దు, చదివి వినిపించిందెవరో రాయండి. ఆవిడకి ఇష్టమైతే కొడుకుని లోపలికి పిలిచి, ఆయన ముందు మళ్ళీ చెప్పించి, "మా అమ్మ మాట విన్నాను" అని వేరే కాగితం మీద రాయించుకోండి. కత్తెర గారి భయానికి పనికొచ్చేది ఆ కాగితమే.

కత్తెర_కాకినాడ:
సామర్థ్యం ఉందని రాసిన దాని కింద సంతకం ఎవరిది?

మనసు_రాజమండ్రి:
చికిత్స చేసే డాక్టరుదే. ప్రతిదానికీ సైకియాట్రిస్టు రానక్కర్లేదు. అనుమానం ఉంటే ఫోన్ చేయండి.

కత్తెర_కాకినాడ:
రాత్రి పదకొండింటికా?

మనసు_రాజమండ్రి:
ఎత్తుతాను. మత్తివ్వక ముందు చేయండి, చాలు.