ర్యాలీకి వెళ్తామంటే "సెక్షన్ 30 ఉంది" అంటున్నారు. నిజంగా ఆపొచ్చా?

కాలవగట్టు:
రొయ్యల చెరువుల మురుగు పంటకాలవలోకి వదిలేస్తున్నారు. ఊరి మంచినీళ్ల చెరువుకి వచ్చేవీ ఆ నీళ్లే. వేసవికి కాలవలు కట్టేసేలోపే చెరువు నింపుకోవాలి. అందుకని ఓ రెండొందల మందిమి భీమవరం కలెక్టరేట్‌కి నడిచివెళ్లి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. పోలీసుల్ని అడిగితే సబ్‌డివిజన్ అంతా సెక్షన్ 30 ఉంది, ర్యాలీలు నిషేధం అని నోటిమాటగా చెప్పారు. కాదని బయల్దేరితే పెద్దల్ని బైండోవర్ చేస్తామన్నారు, అంటే గొడవ చేయమని బాండు రాయించుకుంటారట. ఇలా నిషేధించే అధికారం ఉందా? ముందురోజే ఇళ్ల దగ్గర ఆపేస్తే ఏం చేయాలి?

ప్లీడరు గుమాస్తా:
ఆ సెక్షన్‌తో నిషేధించడం కుదరదండి. అది 1861 నాటి పోలీసు చట్టంలోది. ఊరేగింపు ఏ దారిన, ఏ వేళకి వెళ్లాలో చెప్పడానికి పనికొస్తుంది. గొడవలు జరిగే అవకాశం ఉందని మేజిస్ట్రేట్ అనుకుంటే, లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోమని పోలీసులు నోటీసు ఇవ్వొచ్చు. ఆ లైసెన్సుకి రుసుం తీసుకోకూడదని కూడా అందులోనే రాసుంది. ఉల్లంఘనకి 32వ సెక్షన్ కింద పడే జరిమానా 200 రూపాయలు మించదు.

వీధుల్లో సభల్ని నియంత్రించవచ్చు గానీ అసలే జరగకుండా చేయకూడదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. మన రాష్ట్రంలో కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత, 2023 జనవరి 2న ఇదే సెక్షన్ 30 ఆధారంగా జీవో 1 తెచ్చారు. రోడ్ల మీద సభల్ని కట్టడి చేసే ఆ జీవోని హైకోర్టు మే 12న కొట్టేసింది.

స్టేషన్‌కి వెళ్లి అడగడం మానేసి కాగితం పెట్టండి. డీఎస్పీ గారి పేరున రాసి, నకలు ఎస్‌ఐ గారికివ్వండి. కనీసం పది రోజుల ముందు ఇస్తే మంచిది. తేదీ, బయల్దేరే చోటు, దారి, ముగిసే వేళ, ఎంతమంది, మైకు ఉందా లేదా, బాధ్యులు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. చివర్లో, "అనుమతి నిరాకరిస్తే కారణాలతో ఫలానా తేదీలోపు రాతపూర్వకంగా తెలపగలరు" అన్న వాక్యం తప్పకుండా పెట్టండి. మీ దగ్గరుండే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

చాలా ర్యాలీలు చెడేది ఇక్కడే. రేపు ర్యాలీ అనగా రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "కుదరదు" అంటారు. అప్పుడు కోర్టుకెళ్లే వ్యవధి ఉండదు, చూపించడానికి ఉత్తర్వూ ఉండదు. మీరు గడువు పెట్టి అడిగారనుకోండి, ఆ తేదీ దాటిన మర్నాడే అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. మరీ దగ్గరపడితే లంచ్ మోషన్, అంటే అదే రోజు భోజన విరామం తర్వాత అత్యవసరంగా వినమని అడుగుతారు. కోర్టు అనుమతిచ్చినా సాధారణంగా మందికి, దారికి, వేళకి షరతులు పెడుతుంది. వాటికి ముందే సిద్ధంగా ఉండండి.

గౌతమి పాయ:
పై సమాధానానికి ఒకటి కలపాలి. "30 ఉంది" అనేవాళ్లే కాసేపటికి "144 ఉంది" అంటారు. రెండూ ఒకటి కాదు. పాత సీఆర్‌పీసీలోని 144 ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 163, 2024 జూలై 1 నుంచి. అది కలెక్టరో ఆర్డీవోనో కారణాలు రాసి ఇవ్వాల్సిన ఉత్తర్వు. మామూలుగా రెండు నెలలు మించి ఉండదు. ఇలాంటి ఉత్తర్వుల్ని బయటపెట్టాలని, న్యాయమైన నిరసనని అణచడానికి వాడకూడదని 2020లో అనురాధా భాసిన్ కేసులో తీర్పొచ్చింది. కాబట్టి నంబరు, తేదీ, సంతకం ఉన్న నకలు అడగండి. చూపించకపోతే చూపించలేదనే రాసి పెట్టండి.

ఇక హౌస్ అరెస్టు. ఆ పేరుతో పోలీసులకి చట్టంలో అధికారమే లేదు. చేతికిచ్చేది బీఎన్‌ఎస్‌ఎస్ 168 నోటీసు, అంటే పాత 149. ఇక్కడి నుంచి చెప్పే నంబర్లన్నీ ఆ చట్టంలోవే. నేరం జరగకుండా చూసే బాధ్యత గురించి చెప్పే సెక్షన్ అది. మనిషిని సొంతింట్లో బంధించమని అందులో లేదు. 170 కింద ముందస్తుగా అరెస్టు చేయాలంటే, వారంట్ లేకుండా పట్టుకోదగ్గ నేరానికి మీరు సిద్ధమవుతున్నారని, వేరే దారిలో ఆపలేమని వాళ్లకి తెలిసుండాలి. అప్పుడైనా 24 గంటలే. గుమ్మంలో కానిస్టేబుల్ నిలబడితే వాదించకండి. ఏ సెక్షన్, ఎప్పటిదాకా, ఎవరి ఉత్తర్వు అని అడుగుతూ వీడియో తీయండి.

బైండోవర్ అంటే 126. తాసిల్దారో ఆర్డీవోనో ముందుగా 130 కింద ఉత్తర్వు ఇవ్వాలి: మీ మీద అందిన సమాచారం ఏమిటి, బాండు ఎంత, ఎన్నాళ్లు. తర్వాత విచారణ. గరిష్ఠంగా ఏడాది. ఇవేవీ లేకుండా ఖాళీ బాండు మీద సంతకం పెట్టేవాళ్లున్నారు, పెట్టొద్దండి.

కాలవగట్టు:
చాలా థాంక్సండి. ఇద్దరు ఆడవాళ్లని, అరవై ఐదేళ్ల పెద్దాయన్ని స్టేషన్‌కి రమ్మని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. వెళ్లాలా?

ప్లీడరు గుమాస్తా:
సాక్షులుగా పిలిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. ఆడవాళ్లని, అరవై దాటిన మగవాళ్లని వాళ్లుండే చోటే అడగాలి గానీ స్టేషన్‌కి రప్పించకూడదు. నిందితులుగా పిలవాలంటే 35(3) నోటీసు. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు చేతికిస్తే మాత్రం మానకుండా వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టుకి అదే కారణం అవుతుంది. స్టేషన్‌లోకి అడుగుపెట్టిన వేళ, బయటికొచ్చిన వేళ రాసుకోండి. సీసీ కెమెరా రికార్డు 18 నెలలు దాచాలన్నది 2020 నాటి పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు. తేడా వస్తే ఆ వేళల్ని చూపించి రికార్డు అడగొచ్చు.

గౌతమి పాయ:
ర్యాలీ సోమవారం పెట్టుకోండి. కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే, అర్జీకి నంబరు వస్తుంది. లైసెన్సులో ఉన్న దారి ఒక్క వీధి కూడా దాటకండి. షరతు తప్పితే పోలీసు చట్టం 30ఏ కింద ఊరేగింపుని ఆపి, చెదిరిపొమ్మనొచ్చు. ఆ మాట వినకపోతే చట్టవిరుద్ధ సమూహమవుతుంది, అప్పుడది 200 రూపాయలతో పోదు. లైసెన్సు కాపీలు ముందు వరసలో ఒకటి, వెనక ఒకటి ఉండాలి.