మురుగు లేని చోట డెంగీ ఎలా వస్తోంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో వానలు మొదలయ్యాక మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి డెంగీ సోకింది. దగ్గరలో మురుగు కాలువ లేనప్పుడు ఈ దోమలు ఎక్కడ పెరుగుతున్నాయో దయచేసి చెప్పగలరా?

జవాబు: డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మూతలేని సంపులు, కూలర్లు, పూలకుండీల కింది పళ్ళాలు, పాత టైర్లలో నిలిచిన మంచినీటిలోనే పెరుగుతుందండి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి ఆ నీటిని పారబోసి, అంచులను రుద్ది కడగాలి; ఎండిన గుడ్లు సైతం నెలల తరబడి బతికే ఉంటాయి.

మరో జవాబు: జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడకండి, వాటివల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే మరింత ప్రమాదకరం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఈ సాయంత్రమే సంపుకు మూత బిగిస్తాము.