కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ అందుకోవట్లేదు, తప్పు ఎక్కడ?

రేవుగట్టు: వేట నిషేధం అయిపోయి జూన్ 14వ తేదీ రాత్రి అందరి బోట్లూ కదిలాయి, మాది మాత్రం విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీకే అతుక్కుపోయింది. ఐసు వేశాం, డీజిల్ పట్టాం, కళాసీలు ఎక్కేశారు. సెల్ఫ్ నొక్కితే టక్ మంటుంది, అంతే. పాత ఇంజిన్, 6 సిలిండర్లు, 24 వోల్టులు, రెండు బ్యాటరీలు సిరీస్‌లో. ఏప్రిల్ 15న కట్టేసే దాకా నొక్కగానే అందుకునేది. సెల్ఫ్ మోటారు రీవైండింగ్ చేయించాను, ఒక బ్యాటరీ కొత్తది వేశాను. మళ్ళీ అదే టక్. ఏం చూడాలో చెప్పండి బాబూ.

హైడ్రోమీటర్: జవాబు మీ పోస్టులోనే ఉంది. ఒకటి కొత్తది, ఒకటి పాతది. ఎద్దునూ దూడనూ ఒకే కాడికి కట్టి దున్నమంటే ఎలా? 61 రోజులు చార్జింగ్ లేకుండా ఎండలో పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత రాత్రంతా చార్జింగ్ పెట్టినా పైపైనే ఎక్కుతుంది. పాతదానిలో ఒక్కో సెల్ గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, హైడ్రోమీటర్‌తో చూడండి. పూర్తి చార్జింగ్ తర్వాత 1.260 పైన ఉండాలి. ఒక్క సెల్ 1.200 దగ్గర ఆగిపోయినా ఆ బ్యాటరీని పక్కన పెట్టేయండి.

నల్లటేపు: సెల్ఫ్ నొక్కినప్పుడు వీల్‌హౌస్‌లో (బోటు నడిపే గదిలో) బల్బు డిమ్ అవుతోందా? ముందు అది చెప్పండి, డబ్బు తర్వాత ఖర్చు పెడదాం.

రేవుగట్టు: పెద్దగా డిమ్ అవట్లేదు. మీటరు పెడితే రెండూ కలిపి 25.3 చూపించింది.

హైడ్రోమీటర్: చార్జర్ తీసిన వెంటనే పెడితే 26 కూడా చూపిస్తుంది. దాన్ని నమ్ముకునే నేను మునిగాను. మా కాకినాడలో ఒక షాపువాడు ఇలాగే మీటరు చూపించి పాత బ్యాటరీ అంటగట్టాడు, మూడో వేటకి సముద్రం మధ్యలో చచ్చింది, వారంటీ అడిగితే కార్డు మీద స్టాంపు లేదన్నాడు. మీటరు అంకె చూపించి మాట్లాడేవాళ్ళంటే అప్పటి నుంచీ నాకు ఒళ్ళు మంట.

చేపలపులుసు: స్టాంపు లేకపోతే నాకూ ఇవ్వలేదు.

నల్లటేపు: వారంటీ గొడవ వేరే పెట్టుకోండి సార్. బ్యాటరీ బలహీనంగా ఉంటే సెల్ఫ్ నొక్కగానే బల్బు గుడ్డిదీపంలా అయిపోవాలి, ఎందుకంటే ఆ బల్బు కూడా అదే బ్యాటరీ మీద బతుకుతోంది. బల్బు వెలుగుతూనే ఉండి మోటారు తిరగలేదంటే కరెంటు మోటారు దాకా వెళ్ళట్లేదని. దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఇంత ఇంజిన్‌ని తిప్పాలంటే 300 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. లగ్గు (లావు వైరు చివర బోల్టుకి బిగించే బిళ్ళ) దగ్గర తుప్పు వల్ల 0.01 ఓమ్ అడ్డం చాలు, అక్కడే 3 వోల్టులు పోతాయి. ఆ 0.01 ఓమ్‌ని మామూలు మల్టీమీటరు పట్టుకోలేదు, బీప్ మోడ్‌లో పెడితే వైరు బాగుందని చక్కగా కూస్తుంది కూడా! అందుకే లోడ్ మీద చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బాడీ మీద, రంగు గీకి. అప్పుడు ఎవరినైనా సెల్ఫ్ నొక్కమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ దారి, అంటే ఇంజిన్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరిగొచ్చే దారి, పాడు. అలాగే ప్లస్ పోస్టు నుంచి సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) లావు బోల్టుకి కూడా చూడండి.

ఉప్పుటేరు: ఇంత చదువు ఎందుకు? స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ రెండు బోల్టులూ కలిపేస్తే తిరుగుతుంది.

నల్లటేపు: మోటారు ఉత్తినే గిర్రున తిరుగుతుంది, పళ్ళచక్రం ముందుకి రాదు, ఇంజిన్ కదలదు. చార్జింగ్ నుంచి తీసిన బ్యాటరీల పక్కన హైడ్రోజన్ ఉంటుంది, ఆ నిప్పురవ్వకి పేలితే యాసిడ్ ముఖం మీద పడుతుంది. దయచేసి వద్దు.

హైడ్రోమీటర్: ఎన్నైనా చెప్పండి, కొత్తదాంతో పాతది కట్టడం తప్పా కాదా? దీనికి అవునో కాదో ఒక్క మాట.

నల్లటేపు: తప్పే. కానీ ఈ రోగం దానిది కాదు.

రేవుగట్టు: అసలు ఇదంతా మా డ్రైవర్ వల్ల. తిరగకపోతే వదిలేయాలి కదా, అదే పనిగా నొక్కి పట్టుకుని మోటారు కాల్చేశాడు. వీల్‌హౌస్‌లో సన్నవైరు కూడా కరిగిపోయింది, ఫోన్ చార్జింగులు పెట్టుకుని. అందుకే రీవైండింగ్ ఖర్చులో సగం అతని వాటాలో పట్టుకుంటానని చెప్పేశాను.

నడిసంద్రం: ఇప్పటిదాకా చదివి ఊరుకున్నాను. 22 ఏళ్ళు బోటు నడిపాను ఓనర్‌గారూ. వేట బాగుంటే బోటు అదృష్టం, ఇంజిన్ ఆగితే డ్రైవర్ చెయ్యి. నా వాటాలో కూడా ఒకసారి ఇలాగే ప్రొపెల్లర్ షాఫ్టు డబ్బులు పట్టుకున్నారు, తర్వాత బేరింగే పాతదని తేలింది, ఆ డబ్బు ఇవాళ్టికీ రాలేదు. నిషేధంలో రెండు నెలలు మాకు వాటా ఉండదు. మొదటి వేటలోనే కోత పెడితే ఇంట్లో ఏం చెప్పాలి? బోటు కట్టేసేటప్పుడు బ్యాటరీలు విప్పి ఒడ్డున చార్జింగులో పెట్టమని మీ డ్రైవర్ చెప్పాడా లేదా? నిజం చెప్పండి.

రేవుగట్టు: చెప్పాడు. చార్జింగ్ షాపులో రోజుకి ఇంత అని అడిగారు, రెండు నెలలకి ఎందుకని ఊరుకున్నాను. దానికీ దీనికీ సంబంధం ఏంటి? 10, 15 సెకన్ల కంటే ఎక్కువ నొక్కకూడదని ప్రతి డ్రైవర్‌కీ తెలుసు.

హైడ్రోమీటర్: చూశారా, బ్యాటరీయే!

నల్లటేపు: సార్, ఒక్క నిమిషం. రేవుగట్టుగారూ, విప్పే ముందు ఆ మోటారుని బల్ల మీద పెట్టి తిప్పి చూశారా రీవైండింగ్ షాపువాళ్ళు?

రేవుగట్టు: లేదు. వాసన చూసి కాలిందన్నారు.

నల్లటేపు: ముక్కుతో పరీక్ష, బాగుంది. ఇంకోటి. సన్నవైరు ఫోన్ చార్జర్‌కి కరగదు. ఇంజిన్‌కి లావు ఎర్త్ పట్టనప్పుడు కరెంటు మీటర్ బోర్డు మైనస్ వైరు లోంచి దొంగదారి వెతుక్కుంటుంది, అదే కరుగుతుంది. నిషేధంలో ఇంజిన్ దగ్గర ఏమైనా పని చేయించారా?

రేవుగట్టు: ఏమీ లేదు. రంగు వేయించాం, అంతే.

ఉప్పుటేరు: అయ్యో.

నడిసంద్రం: రంగు వేసినవాడు ఎర్త్ బోల్టు విప్పే ఉంటాడు.

రేవుగట్టు: (మర్నాడు) చూశాం. మైనస్ పోస్టుకీ ఇంజిన్ బాడీకీ మధ్య సెల్ఫ్ నొక్కినప్పుడు 6.4 వోల్టులు. ఎర్త్ లగ్గు విప్పితే కింద నున్నగా పచ్చరంగు, దాని మీదే బోల్టు బిగించేశారు. గరుకుకాగితంతో ఇనుము కనపడేదాకా గీకి, లగ్గు కూడా తోమి, బిగించి పైన వాజిలీన్ రాశాం. నొక్కగానే అందుకుంది. మీటర్ ఇప్పుడు 0.3. నల్లటేపుగారికి దండం.

హైడ్రోమీటర్: సంతోషం. ఆ పాత బ్యాటరీ మాత్రం నెల తిరక్కుండా కొత్తదాన్ని కూడా తినేస్తుంది, రాసి పెట్టుకోండి.

నడిసంద్రం: డ్రైవర్ వాటా సంగతి ఏమైంది?

రేవుగట్టు: రాత్రికి బయల్దేరుతున్నాం. వచ్చాక చూసుకుంటాం, అది మా ఇద్దరి లెక్క.

నడిసంద్రం: మా షాఫ్టు ఓనర్ కూడా వచ్చాక చూద్దామనే అన్నాడు.

చేపలపులుసు: మాది 12 వోల్టుల చిన్న ఇంజిన్, అందులో కూడా అర వోల్టు లెక్కేనా అన్నా?

నల్లటేపు: నీకు ఇంకా తక్కువ ఉండాలి తమ్ముడూ, ఎర్త్ వైపు 0.2 దాటితే లగ్గులు విప్పి తోముకో.