రెండేళ్లకు 24 క్రెడిట్లు: ఎక్స్‌రే టెక్నాలజిస్టులకు ఇది చదువా, తంతా?

నైట్‌షిఫ్ట్_టెక్:
అమెరికాలో 19 ఏళ్లుగా ఎక్స్‌రే, సీటీ చేస్తున్నాను. మా వృత్తికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఏఆర్ఆర్‌టీ. ఆ సర్టిఫికెట్ నిలబడాలంటే ఉద్యోగంలో ఉంటూ చదివినందుకు రెండేళ్లకోసారి 24 క్రెడిట్లు చూపించాలి. మా రాష్ట్రం లైసెన్స్ రెన్యువల్ దానికి అదనం. కొన్ని రాష్ట్రాల్లో అయితే లైసెన్స్ చట్టమే లేదు. చదువు వద్దని నేను అనడం లేదు. గడువు దగ్గరపడ్డాక డబ్బు కట్టి ఒక కోర్సు తీసుకుంటాం, ప్రశ్నలు ముందు పెట్టుకుని జవాబులు వెతుకుతాం, క్రెడిట్లు పడిపోతాయి. దీనివల్ల పేషెంట్‌కి ఏం ఒరిగింది? పరీక్ష పాసై, రోజూ అదే పని చేస్తున్నవాళ్లని నమ్మకూడదా?

లెడ్_ఏప్రాన్:
రోజూ చేస్తున్నాం కాబట్టి సరిగ్గానే చేస్తున్నామని అనుకోలేమండీ. పెల్విస్ (కటి భాగం) ఎక్స్‌రే తీసేటప్పుడు పునరుత్పత్తి అవయవాల మీద లెడ్ షీల్డ్, అంటే సీసపు కవచం, పెట్టి తీరాలని మాకు కాలేజీలో నూరిపోశారు. నేను ఏళ్ల తరబడి పెట్టాను, జూనియర్లకీ అదే నేర్పాను. 2019లో వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఏఏపీఎం ఆ అలవాటు మానేయమంది. 2021లో అమెరికా రేడియేషన్ రక్షణ మండలి ఎన్‌సీఆర్‌పీ కూడా అదే చెప్పింది. శరీరం లోపల చెదిరే కిరణాలను పైన పెట్టిన షీల్డ్ ఆపలేదు. పైగా అది ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ సెన్సర్‌కి అడ్డొస్తే మెషిన్ డోస్ పెంచేస్తుంది. చూడాల్సిన ఎముకని కప్పేస్తే మళ్లీ తీయాలి. ఈ సంగతి నాకు తెలిసింది క్రెడిట్ల కోసం కూర్చున్న ఒక క్లాసులోనే.

డిజిటల్ సంగతీ అంతే. ఫిల్మ్ రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్మ్ నల్లబడి మన తప్పు మనకే కనిపించేది. ఇప్పుడు డోస్ ఎక్కువైనా బొమ్మ ఇంకా శుభ్రంగా వస్తుంది. డిటెక్టర్‌కి ఎంత రేడియేషన్ చేరిందో చూపే అంకె, ఎక్స్‌పోజర్ ఇండెక్స్, చూడటం ఎవరో ఒకరు నేర్పకపోతే, ఏళ్లు గడిచేకొద్దీ డోస్ పెరుగుతూనే పోతుంది, మనకి తెలియదు.

నైట్‌షిఫ్ట్_టెక్:
షీల్డ్ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ అది మా ఫిజిసిస్ట్ అరగంటలో చెప్పారు. దానికి 24 క్రెడిట్లు ఎందుకు?

మామో_సిస్టర్:
అలా చెప్పే ఫిజిసిస్ట్ అన్నిచోట్లా ఉండరు కదండీ. మా మామోగ్రఫీలో (రొమ్ము ఎక్స్‌రే) ఫెడరల్ నియమం ఉంది: 36 నెలల్లో 15 క్రెడిట్లు, దాంతోపాటు 24 నెలల్లో 200 పరీక్షలు చేసి ఉండాలి. చదువు, చేతిపని రెండూ అడుగుతారు. నాకు ఇదే న్యాయం అనిపిస్తుంది. చిన్న క్లినిక్‌లో ఆ 200 పూర్తి చేయడం టెన్షనే, అయినా సరే.

సీటీ_గది:
2008-09లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక ఆసుపత్రిలో మెదడు సీటీ పర్ఫ్యూజన్ (మెదడులో రక్తప్రసరణ చూసే స్కాన్) చేయించుకున్న 200 మందికి పైగా ఉండాల్సిన డోస్‌కి దాదాపు ఎనిమిది రెట్లు పడింది. 18 నెలలు ఎవరికీ తెలియలేదు. ఒక పేషెంట్‌కి జుట్టు అక్కడక్కడా ఊడిపోతే బయటపడింది. ఆ క్రెడిట్లే ఆపేవని నేను అనను. కానీ స్కాన్ మొదలుపెట్టే ముందు స్క్రీన్ మీద డోస్ చదివి, ఇది ఎక్కువే అని ఆగగలిగే మనిషి అక్కడ ఉండాలి. అలాంటి మనిషిని తయారుచేసే క్లాసులు కావాలి. నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన క్విజ్‌లు ఆ పని చేయవు, అక్కడ ఆయన మాట నిజం.

నైట్‌షిఫ్ట్_టెక్:
అయితే నా ప్రశ్న మార్చుకుంటాను. 2011 నుంచి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకి పదేళ్లకోసారి స్వీయ పరీక్ష ఉంది. పాస్, ఫెయిల్ లేవు. ఎక్కడ వెనకబడ్డామో చూపించి, ఆ అంశంలోనే చదవమంటారు. అంతకుముందు తెచ్చుకున్న నాలాంటివాళ్లకి అది లేదు. చదువు ముగించి ఎక్కువ కాలమైంది మాకే, ఎవరూ అడగనిదీ మమ్మల్నే. మాకూ పెట్టండి. ఆ 24 క్రెడిట్లు అందులో తేలిన లోపాల మీదే ఖర్చవ్వనివ్వండి. అప్పుడు నేను గడువు దాకా ఆగను.

లెడ్_ఏప్రాన్:
నాదీ 2011కి ముందు సర్టిఫికెటే. ఇది మీరు రాసి పంపితే నేనూ సంతకం పెడతాను.